చెక్కుబందీ

పాత దస్తావేజు ఇలా మొదలవుతుంది:
గగ్నాన్ గుర్రం చచ్చిన రాయి దగ్గర నుంచి
వాగు వెంబడే ఇరవై రెండు కోలలు,
అక్కడి నుంచి పెద్ద మేపుల్ చెట్టు దాకా.

ఏ గుర్రమో ఎవరికీ గుర్తులేదు.
మేపుల్ మొద్దు కూడా మిగల్లేదు.
వాగు మాత్రం ఉంది,
కాకపోతే అది మాట మీద నిలబడే రకం కాదు.
మంచు కరిగిన ప్రతిసారీ
కాస్త ఇటు, కాస్త అటు.

నేను కర్ర పట్టుకునే మనిషిని.
హాస్కెల్ యంత్రంలోంచి చూస్తూ
"ఎడమకి, ఇంకా, ఇంకా, ఆగు" అంటాడు.
ఆగుతాను.
బూట్లలోకి దిగే బురద ఆగదు.
ఉత్తర మెయిన్‌లో ఏప్రిల్ అంటే
నీడలో మంచు, ఎండలో రొచ్చు,
బంగాళాదుంపల చేను ఇంకా నిద్రలోనే.

ఇల్లు కొనేది ఒడీల్ ఊలెట్.
స్కూలు బస్సు నడుపుతుంది.
పదకొండేళ్లు దాచింది.
బ్యాంకు అడిగింది ఒక్క పేజీ బొమ్మ,
ఇల్లుందా, రోడ్డుందా అని
పైపైన చూసి ఇచ్చే చౌక కాగితం.
"అది వాళ్ల అప్పుకి ధైర్యం,
నాకు కాదు" అని మమ్మల్ని పిలిచింది.
బస్సు వెనక్కి తిప్పేటప్పుడు కూడా
ఒక్క అద్దాన్ని నమ్మదట.

భోజనం డబ్బా మూత మీద కాగితం పరిచి
హాస్కెల్ ఆమెకి చెప్పాడు:
పాతవాళ్లు సూదిని నమ్మి కొలిచారు,
ఆ సూది చూపే ఉత్తరం ఇప్పుడు అక్కడ లేదు.
"ఉత్తరం కూడా జరుగుతుందా?"
"జరుగుతుంది. చెప్పకుండా."
బస్సు తాళాలు చేతిలో తిప్పుకుంటూ
ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

మూడో రోజు, లోహం వెతికే కర్ర కూసింది.
తవ్వితే నాడా.
ఆ గుర్రానిదేనా, దస్తావేజు చెప్పదు.
ఇంకోచోట చెంచా.
ఆ పైన, మోకాలి లోతున,
తుప్పు పట్టిన ఇనప కడ్డీ, నిటారుగా,
నూరేళ్లుగా ఎవరూ పిలవకపోయినా
తన పేరు మర్చిపోని మనిషిలాగ.

గులాబీ రిబ్బను కట్టాను.
దాన్నుంచి రెండో కడ్డీకి గీత లాగితే
అది కొట్టం పక్కగా వెళ్లి
రూబార్బ్ మడిని నడిమికి కోసి
బావిని
అవతలే వదిలేసింది.

"ఆరడుగులేగా" అన్నాడు ఇల్లమ్మే ఏజెంటు.
నీళ్లు తాగే ఇంటికి
ఆరడుగులు చాలా దూరం.

పక్కింటి రెజినాల్డ్ సీర్ వచ్చాడు
చెవి మిషను సర్దుకుంటూ.
రిబ్బన్ని చూశాడు, బావిని చూశాడు.
"నాకు తెలుసు.
లోరెట్ మొగుడు తవ్వుతుంటే
తాడు పట్టుకుంది నేనే.
అతను అడగలేదు, నేను అనలేదు.
దాహానికి గీత ఎక్కడుంటే ఏంటి."

ఇప్పుడు గీత ఉంది.
కాగితం ఎక్కిన సంగతిని
తెలియనట్టు ఉండటానికి ఇద్దరికీ వీల్లేదు.
రేపు ఆ చేను కొనేవాడికి
ఆ తాడు సంగతి తెలియదు.

ప్లాను ఇలా చదవమన్నాడు హాస్కెల్:
నిండు గీత లోపలంతా నీది.
చుక్కల గీత పొడుగునా నేల నీదే,
దాని మీద నడిచే హక్కు కరెంటు కంపెనీది.
ఖాళీ సున్నా, మాకు దొరికిన ఇనుము.
నిండు సున్నా, మేము పాతిన ఇనుము.
"మరి బావి?"
"ఆ చిన్న గుండ్రం."
"నాదేనా?"
"గీత ఒప్పుకోదు. అతను ఒప్పుకోవాలి, రాసి."

రెండు వారాలు అతను రాయలేదు.
ఒడీల్ సంతకం వాయిదా వేసింది.
రోజూ ఆమె బస్సు అతని గేటు ముందే ఆగేది,
ఎదురింటి పిల్లవాడి కోసం.
వాడు ఎప్పుడూ ఆలస్యమే.

పదిహేనో రోజు ముసలాయన
బస్సు తలుపు దగ్గరికొచ్చి కాగితం అందించాడు.
బావికి పదడుగుల దారి,
నీళ్లు తోడుకునే హక్కు,
ఆమెకీ, ఆమె తర్వాత వచ్చేవాళ్లకీ.
కింద తన చేత్తో ఒక ముక్క:
రూబార్బ్‌లో నా వైపుది నాకే.

చివరి కొలతకి ఆ మడిలోకి దిగాను.
ఎర్ర మొలకలు అప్పుడే మన్ను తోస్తున్నాయి,
ఇటు రెండు, అటు నాలుగు,
సరిగ్గా గీత మీద ఒకటి.

"ఎడమకి" అని అరిచాడు హాస్కెల్.
తొక్కకుండా జరిగాను.